బొమ్మ కింద ‘డె వోస్’ అని ఉంది. ఏ డె వోస్? తేల్చుకునే పద్ధతి

“ఒక మ్యూజియం సైట్‌లో పిల్లల పోర్ట్రెయిట్ కింద డె వోస్ అని ఉంది. ఇంకోచోట వేటకుక్కల బొమ్మ కింద కూడా డె వోస్ అనే ఉంది. ఇద్దరూ ఒకరేనా?” ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. చాలాసార్లు ఒకరు కాదు. 16, 17 శతాబ్దాల్లో ఇప్పటి బెల్జియంలోని ఒక్క ఆంట్వెర్ప్ నగరంలోనే ఈ ఇంటిపేరుతో పేరు మోసిన చిత్రకారులు నలుగురున్నారు. అంతగా పేరు రానివాళ్లు ఇంకొందరున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు అన్నదమ్ములు. ఒకరు ఆ అన్నగారి శిష్యుడు, చుట్టం కాదు. ఇంకొకరికి వీళ్లెవరితోనూ సంబంధం లేదు.

ఆంట్వెర్ప్ ప్రాంతపు ఫ్లెమిష్ భాషలో ‘వోస్’ అంటే నక్క. మన దగ్గర నక్కావారంతా ఒక్క ఇంటివాళ్లు కాదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. యూరప్ పేరు కనపడగానే ఆ తెలివి మర్చిపోయి “ఓహో, డె వోస్ కుటుంబం” అనేస్తాం. కింద చెప్పే పద్ధతిలో ఇంటిపేరుకు చివరి చోటే ఇస్తాం. ముందు చూడాల్సినవి మూడు: ఆ పేరు బొమ్మకు ఏమవుతుంది, సొంత పేరు ఏమిటి, ఏ ఏడాది. ఇదే పద్ధతి బ్రూగెల్, ఫ్రాంకెన్, టెనియర్స్ లాంటి ఇంటిపేర్లకూ పనికొస్తుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

- బొమ్మ ఫోటో, వీలైనంత పెద్దది. సంతకం ఉన్న మూలను జూమ్ చేస్తే అక్షరాలు విడివిడిగా కనపడాలి. సోషల్ మీడియాలో తిరిగే చిన్న ఫోటోలు దీనికి పనికిరావు.
- బొమ్మ ఎక్కడుంది, దాని ఇన్వెంటరీ నంబర్ (మ్యూజియం తన జాబితాలో ఆ బొమ్మకు ఇచ్చిన నంబర్) ఎంత. ఇదే అసలైన ఆధార్ నంబర్. బొమ్మ పేరు భాషను బట్టి మారుతుంది, కాలాన్ని బట్టి మారుతుంది. నంబర్ మాత్రం సాధారణంగా మారదు.
- కొలతలు. యూరప్ మ్యూజియాలు ముందు ఎత్తు, తర్వాత వెడల్పు రాస్తాయి. తారుమారు చేస్తే నిలువు బొమ్మ అడ్డబొమ్మ అయిపోతుంది.
- ఒక స్ప్రెడ్‌షీట్ లేదా నోటుబుక్కు. మొదలుపెట్టడానికి గళ్లు ఏడు చాలు: చోటు, నంబర్, సొంత పేరు, ఏడాది, దేనిమీద గీశారు, కొలత, ఈ సమాచారం ఎక్కడ చూశారు. చివరి గడి ఖాళీగా వదిలితే రెండు వారాల తర్వాత మీ పట్టికను మీరే నమ్మలేరు.
- అసలు బొమ్మే మీ చేతిలో ఉంటే: పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక టార్చి, 365 నానోమీటర్ల యూవీ టార్చి.

పక్కన పెట్టుకోవాల్సిన మనుషుల పట్టిక

మార్టెన్ డె వోస్: 1532–1603. ఆంట్వెర్ప్. ఫ్రాన్స్ ఫ్లోరిస్ దగ్గర పనిచేశాడు, ఇటలీ వెళ్లొచ్చాడు, 1558లో గిల్డులో, అంటే చిత్రకారుల సంఘంలో, మాస్టర్ (సొంతంగా పని చేసుకునే హక్కున్న సభ్యుడు) అయ్యాడు. చర్చి బలిపీఠాల బొమ్మలు, కొన్ని పోర్ట్రెయిట్లు. అన్నిటికంటే ఎక్కువగా ప్రింట్ల (రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చుతీసే బొమ్మల) కోసం గీసిన నమూనాలు.

కోర్నెలిస్ డె వోస్: 1584 ప్రాంతం–1651. హుల్స్ట్ ఊరివాడు. 1608లో మాస్టర్. పోర్ట్రెయిట్లు, ముఖ్యంగా పిల్లలవి, కుటుంబాలవి.

పౌల్ డె వోస్: కోర్నెలిస్ తమ్ముడు, ఇతనిదీ హుల్స్టే. 1678లో చనిపోయాడు. 1620లో మాస్టర్. జంతువులు, వేటలు, పెద్ద పెద్ద కాన్వాసులు.

సిమోన్ డె వోస్: 1603–1676. ఆంట్వెర్ప్. కోర్నెలిస్ శిష్యుడు. ఇతనూ 1620లోనే మాస్టర్. చిన్న చిన్న చెక్కపలకల మీద, రాగిరేకుల మీద విందులు, సంగీత గోష్ఠులు, తర్వాతి కాలంలో బైబిల్ ఘట్టాలు.

ఈ పట్టికలోనే రెండు గోతులున్నాయి. 1603 ఒకరు పోయిన ఏడాది, ఇంకొకరు పుట్టిన ఏడాది. కంగారులో ‘డె వోస్, 1603’ అని రాసుకుంటే మార్టెన్ ఖాతా సిమోన్‌కు పోతుంది. ఇక గిల్డు పుస్తకంలో 1620 దగ్గర ఇద్దరు డె వోస్‌లు మాస్టర్లయ్యారు. ఏడాది ఒక్కటే చూసి ముడిపెట్టారో, పోయినట్టే.

వీళ్లు కాక మార్టెన్ సోదరుడు పీటర్, ఆ పీటర్ కొడుకు విల్లెం, మార్టెన్ కొడుకులు డానియెల్, ఇంకో మార్టెన్, కోర్నెలిస్ ఇంకో తమ్ముడు యాన్, అందరూ కుంచె పట్టినవాళ్లే. తండ్రి పేరే కొడుక్కి ఉందని గమనించండి. పక్కన ‘చిన్న’ అనే విశేషణం లేకపోతే తేదీలే దిక్కు.

మెట్టు 1. ఆ పేరు బొమ్మకు ఏమవుతుందో తేల్చండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. బొమ్మ కింద ఉన్న పేరు గీసినవాడిది కావచ్చు. బొమ్మలో కూర్చున్న మనిషిది కావచ్చు. ప్రింటుకు నమూనా ఇచ్చినవాడిది కావచ్చు. ఎప్పుడో బొమ్మ కొనుక్కున్నవాడిదీ కావచ్చు. డె వోస్‌ల విషయంలో మొదటి మూడూ నిజంగా ఉన్నాయి.

కూర్చున్న మనిషి డె వోస్, గీసింది వేరేవాళ్లు: న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్ అనే మ్యూజియంలో ఆంట్వెర్ప్ చిత్రకారుడు వాన్ డైక్ 1620 ప్రాంతంలో గీసిన జంట పోర్ట్రెయిట్లు ఉన్నాయి. భర్త జంతువుల చిత్రకారుడు ఫ్రాన్స్ స్నైడర్స్. భార్య మార్గరెటా, కోర్నెలిస్‌కూ పౌల్‌కూ తోబుట్టువు. 1611లో పెళ్లయింది. ఆ మ్యూజియం ఆమె పేరును మార్గరెటా స్నైడర్స్ అని రాస్తుంది. చాలా పుస్తకాలు మార్గరెటా డె వోస్ అంటాయి. ఇద్దరూ ఒకరే. ఫ్లాండర్స్ (ఆంట్వెర్ప్ ఉన్న ప్రాంతం) కాగితాల్లో ఆడవాళ్లకు పెళ్లయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే నడిచింది. మనకున్న అలవాటుతో “భర్త ఇంటిపేరు కదా” అని వెతికితే సగం మంది దొరకరు. రెండు ఇంటిపేర్లతోనూ వెతకండి.

గీసిందీ డె వోస్, కూర్చున్నదీ డె వోస్: కోర్నెలిస్ తన ఇంట్లోవాళ్లను గీసినవి. బ్రసెల్స్‌లోని రాయల్ మ్యూజియమ్స్‌లో 1621 నాటి కుటుంబ చిత్రం, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడెల్‌లో 1627 నాటి కూతురు సుజానా, బెర్లిన్‌లోని గెమెల్డెగాలెరీలో పిల్లలు మగ్దలేనా, యాన్-బాప్టిస్ట్. ఇక్కడ ‘సుజానా డె వోస్’ బొమ్మ పేరు. చిత్రకారిణి పేరు కాదు. కంప్యూటర్ జాబితాల్లో సుజానాను చిత్రకారిణిగా ఎక్కించే పొరపాటు ఇక్కడే పుడుతుంది.

గీసింది డె వోస్, కూర్చున్నది వేరేవాళ్లు: మార్టెన్ 1570లో గీసిన ఓడల వ్యాపారి గిల్లిస్ హోఫ్ట్‌మాన్, అతని భార్య మార్గరెటా వాన్ నిస్పెన్, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో. కోర్నెలిస్ 1620లో గీసిన అబ్రహం గ్రాఫియస్, ఆంట్వెర్ప్ మ్యూజియంలో. గ్రాఫియస్ గిల్డు సేవకుడు, ఒంటినిండా గిల్డువారి వెండి పతకాలతో ఉంటాడు. ఆ పతకాలు చూసి ఎవరో పెద్ద జమీందారు అనుకునేవాళ్లే ఎక్కువ.

ప్రింటు అయితే కింద అంచున లాటిన్ మాటలు చదవండి. ‘ఇన్వెనిట్’, ‘ఇన్వెంటర్’, లేదా కుదించి ‘ఇన్వ్’ పక్కన ఉన్న పేరు నమూనా గీసినవాడిది. ‘స్కల్ప్‌సిట్’ చెక్కినవాడిది. ‘ఎక్స్‌కుడిట్’ అచ్చేసి అమ్మినవాడిది. ‘పిన్‌క్సిట్’ ఉంటే ఆ ప్రింటుకు వెనక ఒక రంగుల చిత్రం ఉంది. మార్టెన్ పేరు ‘ఇన్వెంటర్’గా ఉన్న ప్రింటు మీద అతని చెయ్యి పడకపోయి ఉండొచ్చు. చెక్కింది సాడెలర్, వీరిక్స్, కొల్లార్ట్ లాంటి చెక్కుడు పనివాళ్ల కుటుంబాల్లో ఎవరో అవుతారు.

ఈ ప్రింట్లు మన దేశం దాకా వచ్చాయి. జహంగీర్ కాలపు చిత్రకారుడు ఫరూఖ్ బేగ్ 1615లో గీసిన వృద్ధ సూఫీ బొమ్మకు మూలం, మార్టెన్ నమూనాతో రాఫెల్ సాడెలర్ చెక్కిన ‘డోలోర్’ అనే ప్రింటు. మొఘల్ బొమ్మ గురించి చదువుతుంటే డె వోస్ పేరు తగిలిందా, కంగారుపడక్కర్లేదు. అది ఈ మార్టెనే.

మెట్టు 2. పేరును అన్ని వేషాల్లోనూ వెతకండి

ఇంగ్లీషు అక్షరాల్లో డి, ఇ, ఖాళీ, వి, ఓ, ఎస్. ఇది మామూలు రూపం. ఖాళీ లేకుండా కలిపి కూడా కొట్టండి. ‘డె’ తీసేసి ఒక్క ‘వోస్’ అని కొట్టండి. సొంత పేరు భాషను బట్టి మారుతుంది: మార్టెన్ ఫ్రెంచిలో మార్తాన్, ఇంగ్లీషు జాబితాల్లో మార్టిన్. కోర్నెలిస్ ఫ్రెంచిలో కోర్నేయ్. పౌల్ పాత కాగితాల్లో పౌవెల్ లేదా పౌలుస్.

అక్షర క్రమంలో ఉన్న అచ్చు కేటలాగు తిరగేస్తుంటే ఒక చిక్కు. బెల్జియం అలవాటు ప్రకారం ఇంటిపేరు ‘డి’ అక్షరం కింద వస్తుంది. నెదర్లాండ్స్ అలవాటు ప్రకారం ‘వి’ కింద, ‘వోస్, కోర్నెలిస్ డె’ అని వస్తుంది. ఒకచోట లేదని పుస్తకం మూసేయకండి.

‘డె’ లేని వోస్‌ల విషయంలో ఇంకో జాగ్రత్త. చైనా మహారాణి సిషీని 1905లో గీసిన హ్యూబర్ట్ వోస్ ఈ ఆంట్వెర్ప్ వాళ్లలో లేడు. మాస్ట్రిక్ట్‌లో 1855లో పుట్టినవాడు.

మెట్టు 3. రెండు చోట్ల చూడండి, మూడోది దగ్గర పెట్టుకోండి

మొదట ఆ బొమ్మ ఉన్న మ్యూజియం సొంత సైట్. తర్వాత నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ డేటాబేస్. అందులో చిత్రకారులకు ఒక విభాగం, బొమ్మలకు ఒక విభాగం ఉంటాయి, ఉచితం. చిత్రకారుడి పేజీలో పేరు వేషాలన్నీ, గురువులు, శిష్యులు, చుట్టరికాలు వరుసగా ఉంటాయి. బొమ్మ పేజీలో ఇప్పుడు ఎవరిదంటున్నారో మాత్రమే కాదు, ఇంతకుముందు ఎవరిదన్నారో కూడా ఉంటుంది. ఆ రెండోది తప్పక చదవండి. ఒకప్పుడు ఆంట్వెర్ప్ పెద్ద చిత్రకారుడు రూబెన్స్ అనో, వాన్ డైక్ అనో చలామణీ అయిన పోర్ట్రెయిట్లు కోర్నెలిస్ ఖాతాకు రావడం కొత్త కాదు. వాన్ డైక్ 1621 నుంచి 1627 దాకా ఇటలీలో ఉన్నాడు. ఆ మధ్యలో ఆంట్వెర్ప్‌లో కూర్చున్న మనిషి పోర్ట్రెయిట్ అయితే కోర్నెలిస్ పేరు ముందుగా గుర్తు రావాలి.

బొమ్మ బెల్జియంలోని చర్చిలోనో చిన్న ఊరి మ్యూజియంలోనో ఉంటే, బ్రసెల్స్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కల్చరల్ హెరిటేజ్ వారి బాలాట్ డేటాబేస్‌లో ఫోటో దొరికే అవకాశం ఎక్కువ. అక్కడ పేజీలు ఫ్రెంచి, డచ్చి భాషల్లో కనిపిస్తాయి. మెట్టు 2లో చెప్పిన వేషాలు అక్కడే పనికొస్తాయి.

వేలం సైట్లు మూడో స్థానంలోనే ఉంచండి. ఫోటోల కోసం మంచివి. పేరు విషయంలో అమ్మేవాడికి ఆశ ఉంటుంది కదా.

మెట్టు 4. పేరు ముందున్న చిన్న మాటను వదలకండి

‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే అతనిదే కావచ్చని నిపుణుల అభిప్రాయం, ఖాయం కాదు. ‘స్టూడియో ఆఫ్’, ‘వర్క్‌షాప్ ఆఫ్’ అంటే అతని కార్ఖానాలో, అతని కళ్ల ముందు తయారైంది. ‘సర్కిల్ ఆఫ్’ అంటే అతని కాలంలో అతని ప్రభావం ఉన్న ఎవరో. ‘ఫాలోయర్ ఆఫ్’ కొంచెం తర్వాతి వాళ్లు కూడా కావచ్చు. ‘మేనర్ ఆఫ్’ అంటే ఆ తరహాలో, బహుశా చాలా తర్వాత. ‘ఆఫ్టర్’ అంటే నకలు.

పట్టికలో ఈ మాటను పేరుతో కలపకండి. వేరే గడి పెట్టండి. కలిపి రాసి, తర్వాత ఎవరికో పంపేటప్పుడు “ఆ చిన్న మాటెందుకు” అని తీసేయడం వల్ల నకలు కాస్తా అసలైపోతుంది. ఇది నిజంగా రోజూ జరుగుతుంది.

మెట్టు 5. సంతకం చదవడం

సొంత పేరు మొదటి అక్షరమే మీకు ఆధారం: ఎం, సి, పి, ఎస్. చివర ‘ఎఫ్’ గానీ ‘ఫెసిట్’ గానీ ఉంటే ‘చేశాడు’ అని అర్థం. అది ఇంకో పేరు కాదు. ‘పి’ దగ్గర ఆగండి. అది పౌల్ కావచ్చు, మార్టెన్ సోదరుడు పీటర్ కావచ్చు. వేటకుక్కలు, జింకలు, పండ్ల గుట్టలు, పెద్ద కాన్వాసు ఉంటే పౌల్ వైపు మొగ్గండి. 16వ శతాబ్దపు చెక్కపలక అయితే పౌల్ కాలేడు.

‘ఎస్’, ‘సి’ల మధ్య గందరగోళం మాసిన సంతకాల్లో సర్వసాధారణం. ఆ రెండక్షరాలూ గురుశిష్యులవే, ఊరొకటే, కాలం ఒకటే. అప్పుడు కొలత చూడండి. మోచేతి పొడవు కూడా లేని రాగిరేకు మీద పదిమంది విందు చేసుకుంటుంటే సిమోన్ పాలు ఎక్కువ. నిలువెత్తు మనిషి, మెడచుట్టూ లేసు, పక్కన కుర్చీ ఉంటే కోర్నెలిస్. ఇవి మొగ్గు మాత్రమే, తీర్పు కాదు.

అసలు బొమ్మ మీ చేతిలోనే ఉంటే:

టార్చిని బొమ్మ పక్కనుంచి, ఉపరితలానికి దాదాపు ఆనినట్టుగా వంచి వెయ్యండి. గది చీకటిగా ఉండాలి. రంగు పగుళ్లు స్పష్టంగా తేలతాయి. ఇప్పుడు భూతద్దంతో సంతకం మీద పగుళ్లు చూడండి. పగులు సంతకాన్ని కూడా చీల్చుకుంటూ పోతే సంతకం రంగుతోపాటు ముదిరింది. సంతకపు రంగు పగులులోకి జారి నిండి ఉంటే, పగిలాక ఎవరో రాశారు.

యూవీ టార్చి వేస్తే పాత వార్నిష్ ఆకుపచ్చగా మసకగా వెలుగుతుంది. ఆ మసక మీద సంతకం నల్లగా తేలుతూ కనిపిస్తే వార్నిష్ తర్వాత రాసినట్టు. ఆ వెలుగును నేరుగా కళ్లలోకి రానివ్వకండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

హెచ్చరిక: సంతకం బాగా కనపడాలని తడిగుడ్డ, స్పిరిట్, బంగాళదుంప ముక్క, ఉమ్మి, ఏదీ వాడొద్దు. ఇంటర్నెట్‌లో ఇవన్నీ చిట్కాలుగా తిరుగుతున్నాయి. వార్నిష్ తెల్లబడిందంటే సంతకంతోపాటు మీ ఆధారం కూడా పోయినట్టే. వెనక అతికించిన కాగితాలు, పాత లేబుళ్లు కూడా పీకొద్దు. ఫోటో తీసి ఊరుకోండి.

మెట్టు 6. వెనకవైపు తిప్పండి

చాలామంది ముందువైపే పది ఫోటోలు పంపుతారు. వెనకవైపు ఒక్కటి చాలు, అది ఎక్కువ చెబుతుంది. 17వ శతాబ్దపు ఆంట్వెర్ప్ ఓక్ పలకల వెనక కాల్చి వేసిన ముద్ర ఉండొచ్చు: కోట, దాని పైన రెండు అరచేతులు. అది నగర చిహ్నం. పక్కన పలక తయారుచేసిన వడ్రంగి గుర్తు ఉంటుంది. ఉదాహరణకు మిఖీల్ క్లాసెన్స్ అనే అతని గుర్తులో మూడాకుల రెమ్మ ఉంటుంది. రాగిరేకులైతే కొన్నిటి వెనక రేకు చేసిన కంసాలి ముద్ర ఉంటుంది.

ఈ ముద్ర చూసి “చిత్రకారుడి సంతకం దొరికింది” అనుకోవద్దు. అది చెక్క నాణ్యతకు గిల్డు వేసిన ఐఎస్ఐ మార్కు లాంటిది. పలక ఎక్కడ, సుమారు ఎప్పుడు తయారైందో చెబుతుంది. దానిమీద ఎవరు గీశారో చెప్పదు. చెక్క వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు కట్టే పరీక్ష రిపోర్టు కూడా అంతే. ఫలానా ఏడాదికి ముందు గీసి ఉండరని మాత్రమే తేలుతుంది. ఫలానా ఏడాది గీశారని కాదు. పరీక్షలో 1610 వచ్చిందంటే మార్టెన్‌ను కొట్టేయొచ్చు. మిగతా ముగ్గురిలో ఎవరో దాంతో తేలదు.

మెట్టు 7. మనిషి బట్టలతో ఏడాది కట్టండి

పోర్ట్రెయిట్ అయితేనే ఈ మెట్టు. 1570లలో గడ్డం కిందికి నెట్టుకొచ్చే ఇరుకైన చిన్న ముడతల కాలర్ ఉంటుంది. 1610, 1620లలో అది బండిచక్రమంత అయింది. 1630లు వచ్చేసరికి భుజాల మీద వాలిపోయిన లేసు కాలర్. బండిచక్రం కాలర్ కట్టుకున్న మనిషిని మార్టెన్ ఖాతాలో వేస్తే తేదీ అక్కడే దొరికిపోతుంది. ఒక మినహాయింపు: ముసలివాళ్లు, ఊరి పెద్దలు పాత మోస్తరు బట్టలే కట్టుకున్నారు. కాబట్టి బొమ్మలో అందరికంటే చిన్నవాళ్ల బట్టలు చూసి ఏడాది కట్టండి, తాతగారివి చూసి కాదు.

చిన్న మగపిల్లలకు ఆ రోజుల్లో గౌన్లే తొడిగేవాళ్లు. గౌను చూసి ‘అమ్మాయి’ అని రాసేయకండి. బెర్లిన్‌లోని అక్కాతమ్ముళ్ల బొమ్మ చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

బొమ్మ మీద ‘ఏటాటిస్ సువే’ అని, పక్కన అంకె ఉంటే అది కూర్చున్న మనిషి వయసు. ఏడాది నుంచి ఆ అంకె తీసేస్తే పుట్టిన ఏడాది వస్తుంది, కానీ ఒక ఏడాది అటూ ఇటూ వదిలిపెట్టండి. అప్పటి లెక్కలో ‘41వ ఏట’ అనే అర్థమూ ఉంది, మనం నడుస్తున్న ఏడు చెప్పుకున్నట్టు. 1626, వయసు 41 అంటే పుట్టింది 1584 నుంచి 1586 మధ్య అని రాసుకోండి.

వంశచిహ్నం ఉంటే సంతోషించండి, కానీ ఎక్కువ నమ్మకండి. తర్వాతి తరాలవాళ్లు తమ చిహ్నాన్ని వేయించుకున్న బొమ్మలు చాలా ఉన్నాయి. చిహ్నం రంగుకూ పక్కనున్న గోడ రంగుకూ పగుళ్లు ఒకేలా ఉన్నాయో లేదో, మెట్టు 5లో చెప్పినట్టే చూడండి.

జంట పోర్ట్రెయిట్లలో భర్త చూసేవాళ్లకు ఎడమవైపు, భార్య కుడివైపు ఉంటారు. ఒక్క ఆడమనిషి బొమ్మే దొరికి, ఆమె ఎడమవైపుకు తిరిగి ఉంటే, జత బొమ్మ ఎక్కడో ఉందేమో వెతకండి. జంటలు వేరుపడటం మామూలే. పైన చెప్పిన స్నైడర్స్ దంపతుల్ని 1909లో హెన్రీ ఫ్రిక్ కొని మళ్లీ ఒకచోట చేర్చాడు. కొలతలు సెంటీమీటరు తేడాతో కలిస్తే ఆశ పెట్టుకోవచ్చు. కలవకపోతే ఎవరైనా అంచులు కోశారేమో ఆలోచించండి.

మెట్టు 8. ఒక్క చెయ్యేనా?

ఆంట్వెర్ప్‌లో ఒకే బొమ్మలో మనుషుల్ని ఒకరు, జంతువుల్ని ఇంకొకరు గీయడం మామూలు వ్యాపార పద్ధతి. పౌల్‌ది ముఖ్యంగా అదే పని. బావగారైన స్నైడర్స్‌దీ జంతువుల పనే కాబట్టి, వాళ్లిద్దరి బొమ్మలు ఇప్పటికీ ఒకరివి ఒకరికి మారుతుంటాయి. ఫోటో చూసి వాళ్లిద్దరినీ విడదీయగలనని అనుకోకండి. అది మ్యూజియంవాళ్లకే వదిలేయండి.

అన్నదమ్ములిద్దరూ ఒకే పనిలో ఉన్న సందర్భం కూడా ఉంది. 1636 నుంచి స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ వేటబంగళా టోర్రె డె లా పరాదా కోసం రూబెన్స్ చిన్న స్కెచ్‌లు వేశాడు, వాటిని పెద్దవి చేసే పని చాలామందికి పంచాడు. పురాణగాథల్లో బాకస్ ఊరేగింపు, వీనస్ పుట్టుక, అపోలో-పైథాన్ కోర్నెలిస్ వంతు. పౌల్‌ది జంతువుల వంతు. ఇవి ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. ‘డె వోస్, ప్రాడో, 1636–38’ అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. పౌల్ గీసిన పరుగెత్తే నక్క కూడా అక్కడే ఉంది. నక్కగారు గీసిన నక్క.

ఇలాంటి బొమ్మకు గడిలో రెండు పేర్లు రాయండి: ఊహ ఎవరిది, చెయ్యి ఎవరిది.

మెట్టు 9. ప్రింటు చూసి గీసిన నకలేమో తేల్చండి

మార్టెన్ నమూనాలతో అచ్చయిన ప్రింట్లు వెయ్యికి పైనే. వాటిని చూసి దేశదేశాల్లో రంగుల బొమ్మలు గీశారు. పట్టుకునే చిట్కా ఒకటుంది. రాగిరేకు మీద చెక్కి అచ్చు తీస్తే మామూలుగా బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. మార్టెన్ స్వయంగా గీసిన నమూనాకు ప్రింటు తిరగేసి ఉంటుంది. మీ బొమ్మ ప్రింటుకు సరిగ్గా అదే దిశలో ఉంటే, ప్రింటు ముందు పెట్టుకుని ఎవరో గీసి ఉండాలన్న అనుమానం బలపడుతుంది. దిశ తెలియడానికి కత్తి పట్టిన చెయ్యి, దీవించే చెయ్యి చూడండి. అవి ఎడమచేతులైతే ఎక్కడో తిరగబడింది.

ముందుగా మీ ఫోటోయే తిరగబడలేదని చూసుకోండి. ఫోన్ సెల్ఫీ కెమెరాతో తీసిన ఫోటోలు, పాత స్లైడ్ల స్కాన్లు ఈ మోసం చేస్తాయి. బొమ్మలో అక్షరాలేవైనా ఉంటే వెంటనే తేలిపోతుంది.

గిల్డు పుస్తకం ఎలా వాడాలి

ఆంట్వెర్ప్ సెయింట్ లూక్ గిల్డు రిజిస్టర్లను ‘లిగ్గెరెన్’ అంటారు. 19వ శతాబ్దంలో అచ్చయ్యాయి, స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితం. మాస్టర్లయినవాళ్లు, చేరిన శిష్యులు ఏడాదివారీగా ఉంటారు. గిల్డు ఏడాది జనవరిలో మొదలు కాదు, శరత్కాలంలో మొదలై మరుసటి ఏడాది దాకా సాగుతుంది. అందుకే ‘1608’ అని ఒకచోట, ‘1609’ అని ఇంకోచోట కనిపిస్తే రెండూ ఒకే నమోదు కావచ్చు. మన విద్యా సంవత్సరం లెక్కే. శిష్యుడిగా చేరిన ఏడాదినీ మాస్టరైన ఏడాదినీ కలపకండి. శిష్యులు పది, పన్నెండేళ్ల పిల్లలు. ఆ ఏడాది సంతకం పెట్టిన బొమ్మ ఉండే అవకాశం తక్కువ.

చేసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

మీ పట్టికను మూసేసి, కింది మూడింటిని మొదటినుంచి మీరే వెతికి నింపండి. రైక్స్‌మ్యూజియంలో హోఫ్ట్‌మాన్ దంపతులు. ష్టేడెల్‌లో సుజానా. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1626 నాటి పొగ తాగేవాళ్ల గోష్ఠి. వరుసగా మార్టెన్, కోర్నెలిస్, సిమోన్ రావాలి. రాకపోతే ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడికే వెళ్లండి, మొత్తం మళ్లీ చేయనక్కర్లేదు.

తర్వాత మీ సొంత బొమ్మకు ఈ ప్రశ్నలు వేయండి. బొమ్మ ఏడాదికి ఆ చిత్రకారుడు బతికి ఉన్నాడా, వయసు కనీసం పదహారు, పదిహేడు దాటిందా? ఒకే ఇన్వెంటరీ నంబర్ రెండు వరుసల్లో పడిందా? పడితే ఒకే బొమ్మను రెండు పేర్లతో ఎక్కించారు. ఒకే బొమ్మ పేరుకు రెండు నంబర్లున్నాయా? ఉంటే ఒకటి నకలు కావచ్చు, లేదా చేతులు మారినప్పుడు కొత్త నంబర్ ఇచ్చి ఉండొచ్చు. కొలతలు కలుస్తాయేమో చూడండి. రెండు వేర్వేరు చోట్ల ఒకే పేరు దొరికిందని సంబరపడే ముందు, రెండోది మొదటిదాన్ని చూసి రాసుకున్నదేమో గమనించండి. అక్షరదోషం కూడా అదే ఉంటే అది రెండో సాక్ష్యం కాదు, మొదటి సాక్ష్యానికి జిరాక్స్.

చివరికి ఎలా రాయాలి

తేలితే ఇలా: సొంత పేరు, ఇంటిపేరు, పుట్టిన–పోయిన ఏళ్లు, బొమ్మ పేరు, ఏడాది, దేనిమీద, ఎత్తు × వెడల్పు, మ్యూజియం, ఊరు, నంబర్. పేరు ముందు ‘అట్రిబ్యూటెడ్ టు’ లాంటి మాట ఉంటే అది కూడా, తెలుగులో ‘ఆపాదితం’ అని.

తెలుగులో రాసేటప్పుడు ‘డె వోస్’, ‘డి వోస్’, ‘దె వోస్’ ఏది రాసినా తప్పు లేదు, ఒకటే పట్టుకోండి. పేజీకో తీరు రాస్తే వెతికేవాళ్లకు నాలుగో డె వోస్ తర్వాత ఐదోవాడు పుట్టుకొస్తాడు.

తేలకపోతే ‘డె వోస్ ఇంటిపేరు గల ఆంట్వెర్ప్ చిత్రకారుడు, 17వ శతాబ్దం’ అని రాసి, ఎవరెవరిని కొట్టేశారో, ఏ కారణంతో కొట్టేశారో పక్క గడిలో ఉంచండి. పేరు లేదని సిగ్గుపడి కోర్నెలిస్ అని వేసేయకండి. పెద్ద పేరు కదా అని వేసినదాన్ని తర్వాత తీయించడం, వేయడం కంటే పదిరెట్లు కష్టం.